పొట్టు ఎగిరింది, గింజ నిలిచింది: నక్షత్రాల వెలుగు మీద నేను చెప్పిన తప్పు పాఠం

కొత్తగా ఫిజిక్స్ లెక్చరర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడం, మీ అనుభవం చెప్పండి" అంటారు. నేను గొంతు సవరించుకునేలోపే "నోట్స్ ఉంటే పంపిస్తారా మేడం?" అంటారు. నోట్స్ పంపను. నా నోట్సులో ఒక పెద్ద తప్పు పద్దెనిమిదేళ్లు హాయిగా కాపురం చేసింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, బిల్లులు ఎలా పెట్టాలి లాంటివి కావాలంటే మా ఆఫీసు గుమాస్తాను అడగండి. ఆయన నాకన్నా బాగా చెప్తాడు, టీ కూడా పోయిస్తాడు.

నా పేరు నస్రీన్. పుట్టి పెరిగింది కరీంనగర్. ఉద్యోగం చేసింది ఉట్నూరు దిక్కు, అడవి అంచున, పిల్లలు హాస్టల్లోనే ఉండి చదువుకునే ఒక బాలికల జూనియర్ కాలేజీలో. ఇరవై మూడేళ్లు చేసి, ఇంకా సర్వీసు ఉండగానే నాకు నేనే రిటైర్మెంట్ ఇచ్చుకున్నాను. ఎందుకని అడిగితే మోకాళ్లు చూపిస్తాను. నా నోరే కారణమని మా ప్రిన్సిపాల్ అందరికీ చెప్పారట. అదీ పూర్తిగా అబద్ధం కాదు.

ఈ ఉద్యోగంలో సిలబస్ పూర్తి చేయడం పెద్ద పని కాదు. ఎడ్లబండి కూడా ఎప్పుడో ఒకప్పుడు ఊరు చేరుతుంది. అసలు పని ఏమిటంటే, మూడో బెంచీలో కూర్చున్న పిల్ల మీకన్నా బాగా చూసినప్పుడు మీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలుసుకోవడం. దానికి ట్రైనింగ్ ఇవ్వరు.

గిరగిర

మా ల్యాబులో ఒక వస్తువు ఉండేది. చూడటానికి పెద్ద కరెంటు బల్బులాగే ఉంటుంది కానీ లోపల వెలిగే తీగ ఉండదు. సూది మొన మీద నాలుగు పల్చటి రెక్కలుంటాయి. ఒక్కో రెక్కకు ఒక వైపు నలుపు, ఇంకో వైపు మెరిసే తెలుపు. ఎండలో పెడితే రెక్కలు తిరుగుతాయి. పుస్తకాల్లో దాన్ని రేడియోమీటర్ అంటారు. మా ల్యాబ్ అటెండరు పోశన్న దానికి 'గిరగిర' అని పేరు పెట్టి, స్టాకు రిజిస్టరులో కూడా అలాగే రాశాడు. తనిఖీకి వచ్చిన ఒకాయన ఆ పేరు దగ్గర ఆగి, తలెత్తి నా ముఖం చూసి, టిక్కు పెట్టి ముందుకు పోయాడు.

ప్రతి ఏడూ నేను గిరగిరను కిటికీలో పెట్టి, "చూశారా, వెలుగు వస్తువుల్ని నెడుతుంది. ఇదే సాక్ష్యం" అని ప్రకటించేదాన్ని. వెలుగు నెడుతుందన్న మాట నిజమే. కాకపోతే ఎంత మెల్లగా నెడుతుందంటే, మధ్యాహ్నపు ఎండంతా మన వీపు మీద పడినా ఒక చీమ పాకినంత కూడా ఉండదు. గిరగిరను తిప్పేది ఆ నెట్టుడు కాదు. ఆ సంగతి నాకు తెలియదు. తెలియదని కూడా తెలియదు.

ఒకసారి కరీంనగర్‌లో మాకు వారం రోజుల శిక్షణ జరిగింది. నేను గిరగిర గురించి మాట్లాడుతుంటే వెనక వరసలో ఒక చెయ్యి సగం లేచింది. ఖానాపూర్‌లో పాఠాలు చెప్పే వేణుగోపాల్ సార్. మంచినీళ్లు అడిగినా క్షమించమన్నట్టే అడుగుతారు.

"మేడం, అది వేడితోని తిరుగుతుందేమోనని నాకు జర డౌటున్నది" అన్నారు.

"డౌటుంటే డాక్టర్ దగ్గరికి పోవాలె సార్. ఇది ఫిజిక్స్ క్లాసు" అన్నాను.

గదంతా నవ్వింది. ఆ నవ్వు ఇచ్చిన ఊపులో నేను బోర్డు నిండా బాణం గుర్తులు వేసి, అరగంట వాయించాను. చివరికి ఆయన లేచి, "ఒప్పుకుంటున్న మేడం. నాదే తప్పు" అని కూర్చున్నారు. ఆ రోజు నేను బిర్యానీ తిని పడుకున్నాను. మరుసటి ఏడు మా జోన్ కాలేజీల సైన్స్ క్లబ్బులకు ఒక చిన్న చేతిపుస్తకం రాసిపెట్టమంటే రాశాను. పదకొండో పేజీలో, వెలుగు నెడుతుందనడానికి గిరగిర తిరుగులేని సాక్ష్యం అని పెట్టాను. పుస్తకం అచ్చయి మా జోన్ కాలేజీలన్నింటికీ, అక్కడి నుంచి పక్క జోన్లకూ వెళ్లింది.

వాదనలో గెలిచేవాళ్లకు ఒక శాపం ఉంటుంది. వాళ్ల తప్పులు దిద్దే ధైర్యం చుట్టుపక్కల ఎవరికీ మిగలదు.

వెలుగు మారే మా సార్

ఇక మా ప్రిన్సిపాల్ రంగారావు సార్. పెద్ద భూస్వాముల ఇంటి మనిషి. గుండె మంచిదే కానీ నిలకడ లేదు. పొద్దున ప్రార్థన వేళకు ధగధగా వెలిగేవారు. హైదరాబాద్ నుంచి పైఅధికారి ఫోన్ వస్తే మధ్యాహ్నానికి మసకబారేవారు. ఆయన వెలుగు హెచ్చుతగ్గులకు పోశన్న దగ్గర పంచాంగం ఉండేది. "మేడం, ఇయ్యాల ఏం అడుగకుండ్రి. చాయ్‌ల శక్కెర ఎక్కువైందన్నడు" అనేవాడు. ఆ చాయ్ చక్కెర లేనిదని మా ఇద్దరికీ తెలుసు.

నా సర్వీసులో పద్దెనిమిదో ఏడు. ఒక శనివారం సైన్స్ క్లబ్బులో నక్షత్రాల గురించి చెప్తున్నాను. అన్ని నక్షత్రాలూ ఒకే తీరుగా వెలగవు, కొన్నింటి వెలుగు కొన్ని గంటల్లోనే ఎక్కువై తక్కువవుతుంది, కొన్నింటికి నెలలు పడుతుంది, పుస్తకాల్లో వాటిని చరకాంతి తారలు అంటారు అన్నాను.

"ప్రిన్సిపాల్ సార్ లెక్కనా మేడం?" అని ఎవరో అన్నారు. క్లాసు పగలబడి నవ్వింది. నేను కోపం నటించాను.

అప్పుడు సోంబాయి లేచింది. జైనూరు దగ్గరి ఊరి పిల్ల. ఇంటర్ మొదటి ఏడు. ఇంట్లో గోండి, చుట్టాలతో మరాఠీ, కాలేజీలో తెలుగు. అంటే మూడు భాషల్లో ఎదురు మాట్లాడగలదు.

"మేడం, నక్షత్రం ఎలుగు ఎక్కువ తక్కువైతే, దాని సుట్టు తిరిగేటియి దగ్గరికి దూరం ఐతయా?"

"కావు. వాటిని కక్ష్యలో తిప్పేది నక్షత్రం గురుత్వాకర్షణ. వెలుగు మారినా దాని బరువు అదే కదా."

"మరి ఎలుగు నూకుతదన్నరు గద? గిరగిరను నూకినది, సుట్టు తిరిగేటియిని నూకదా?"

ఇలాంటప్పుడు నేను గంట కోసం చూస్తాను. గంట కొట్టేది పోశన్న. పోశన్న గుమ్మంలో నిలబడి, జవాబు కోసం తనూ చూస్తున్నాడు.

"సోమవారం చెప్తా" అన్నాను. కొత్తవాళ్లకు ఒక మాట: ఈ రెండు ముక్కలు అనడానికి సిగ్గుపడకండి. నా సర్వీసులో నేను చేసిన మంచి పనుల్లో సగం ఈ రెండు ముక్కలతోనే మొదలయ్యాయి.

ఆ సాయంత్రం కాగితం తీసుకుని కూర్చున్నాను. నక్షత్రం వస్తువును తన వైపు లాగుతుంది, దాని వెలుగు అదే వస్తువును బయటికి నెడుతుంది. లాగుడు వస్తువులో ఉన్న సరుకంతటి మీదా పని చేస్తుంది. నెట్టుడు మాత్రం వెలుగు తగిలే ముఖం మీదే. ఒక పెద్ద బండరాయికి సరుకు ఎక్కువ, ముఖం తక్కువ. దాన్ని దంచి దుమ్ము చేస్తే సరుకు అంతే, ముఖాలు మాత్రం కోట్లు. అంటే వెలుగు పెరిగినా గ్రహం తన దారిన తను పోతుంది. దుమ్ముకు మాత్రం నక్షత్రం పట్టు సడలినట్టవుతుంది, దాని కక్ష్య సాగిపోతుంది. వెలుగు మరీ ఎక్కువైతే కొంత దుమ్ము కక్ష్య వదిలేసి వెళ్లిపోతుంది. వెలుగు మళ్లీ తగ్గినా అది పాత దారికి సరిగ్గా రాదు.

సోమవారం ఇదంతా గొప్పగా చెప్పాను. సోంబాయి చెంప మీద చెయ్యి పెట్టుకుని విన్నది.

"గింతేనా మేడం? గిది మా అవ్వ ఏటేటా చేస్తది. జొన్నలు చాటకు ఎత్తి గాలికి వోస్తది. గాలి ఎంత ఎక్కువైనా తక్కువైనా గింజ కాళ్లకాడనే పడ్తది. పొట్టుకే పరేషాని."

నేను నాలుగు కాగితాల్లో చేసిన లెక్కను ఆ పిల్ల చాటలో పోసి చెరిగేసింది.

వరండా

ఆ ఏడు మా జోన్ సైన్స్ ప్రదర్శన ఖానాపూర్‌లో పెట్టారు. ఒక్కో కాలేజీ నుంచి ఒకే ప్రాజెక్టు. నెగ్గిన రెండింటిని హైదరాబాద్ పంపుతారు, అక్కడ నక్షత్రశాల కూడా చూపిస్తారు.

"దాంట్ల కూసుంటే పగటీలి గూడ సుక్కలు కనవడుతయంట, నిజమేనా మేడం?" అని సోంబాయి నన్ను మూడుసార్లు అడిగింది. నిజమేనన్నాను. నాలుగోసారి పోశన్నను అడిగింది. నా మాట మీద ఆ పిల్లకు అంత నమ్మకం.

రంగారావు సార్‌కు అగ్నిపర్వతం కావాలి. సోడా, వెనిగర్ పోస్తే పొంగుతుందే, అది. "దానికి ఎప్పుడూ ప్రైజొస్తది మేడం" అన్నారు. పోశన్న చూపించిన మంచి ముహూర్తంలో, సార్ వెలుగు నిండుగా ఉన్న ఒక ఉదయం వెళ్లి, సోంబాయి ప్రాజెక్టుకు సంతకం పెట్టించుకున్నాను. మధ్యాహ్నం ఆయన మనసు మార్చుకున్నారు కానీ అప్పటికే కాగితం పోస్టు చేశాను.

ప్రాజెక్టు ఇది. టేబుల్ ఫ్యాను అంచుకు పసుపు కాగితం చుడితే నక్షత్రం. గాలి అంటే వెలుగు. రెగ్యులేటరు తిప్పితే వెలుగు మారుతుంది. ముందు పరిచిన తెల్లగుడ్డ మీద గీతలు. పైనుంచి జొన్నలు, పొట్టు కలిపి వదిలితే గింజలన్నీ ఒక్కచోటే పడతాయి, పొట్టు మాత్రం ఫ్యాను వేగాన్ని బట్టి ఏ గీత దాకానో పోతుంది. పక్కన గిరగిరను సాక్ష్యంగా పెడదామన్నాను. పెట్టాం. సోంబాయి దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది.

"మేడం, ఎలుగు తగిలితే నల్లది మింగుతది, తెల్లది ఎనుకకు కొడుతదన్నరు గద?"

"అవును."

"బంతి బురదల ఏస్తే బురదకు ఒక్క దెబ్బనే. గోడకు కొడితే ఎగిరొస్తది, గోడకు దెబ్బ ఎక్కువ. గంతేనా?"

"అంతే."

"అట్లయితే తెల్లది ఎనుకకు జరగాలె గద మేడం. గిది నల్లది ఎనుకకు పోతుంది."

నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి వంగి చూడటం, రెండోది అరవడం. నాకేమో మోకాళ్ల నొప్పులు.

"పద్దెనిమిదేండ్ల సంది చెప్తున్న నాకు నేర్పిస్తున్నవా? పో, పోయి వరండాల నిలవడు!"

వెళ్లి నిలబడింది. క్లాసంతా చూసింది. పీరియడు పొడుగూతా కిటికీ అవతల నిలబడి ఆ పిల్ల గిరగిరనే చూసింది. మధ్యలో ఒకసారి నా వైపు చూసింది. ఏడుపు లేదు, కోపం లేదు. బాకీ ఉన్న జవాబు కోసం చూసినట్టు చూసింది.

అమ్మీ

ఆ వారాంతం గిరగిరను తువాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, బస్సులో కరీంనగర్ వచ్చాను. ఇంటి కిటికీలో పెట్టి, ఈసారి కుర్చీ వేసుకుని చూశాను. నల్ల ముఖమే వెనక్కి పోతోంది. తల అటు తిప్పి చూసినా అదే, ఇటు తిప్పి చూసినా అదే. పద్దెనిమిదేళ్లుగా దాన్ని చూపిస్తున్నాను తప్ప ఒక్కసారీ చూడలేదు.

మా అమ్మీ వెల్లుల్లి ఒలుస్తూ వచ్చి పక్కన నిలబడింది. మా ఇంట్లో ఉర్దూ, తెలుగు ఒకే పళ్లెంలో తింటాం.

"క్యా హై గది? ఎందుకు తిరుగుతుంది?"

"వెలుగు నెడితే తిరుగుతుంది అమ్మీ."

"వెలుగు నెట్టుడేంది నీ మొఖం! నల్లది ఉడుకైతుంది, ఉరుకుతుంది."

"నీకెట్ల తెలుసు?"

"నలభై ఏండ్లు నల్ల బుర్ఖా ఏస్కొని ఎండకాలం బస్టాండుల నిలవడ్డ. ఉడుకుతోని ఎవరు ఉరుకుతరో నాకు తెల్వకుంటే ఎవరికి తెలుస్తది?"

వెల్లుల్లి పొట్టు ఊదుకుంటూ ఆమె చెప్పింది కరెక్టు. గిరగిర బల్బులో కొంచెం గాలి మిగిలి ఉంటుంది. నల్ల ముఖం ఎక్కువ వేడెక్కుతుంది, అక్కడి గాలి ఆ ముఖాన్ని గట్టిగా తోస్తుంది. లెక్క లోతుకు పోతే రెక్కల అంచుల దగ్గర ఇంకొంత చిక్కు కథ ఉంది కానీ దోషి మాత్రం వేడే. లోపల గాలి పూర్తిగా లేకుండా చేస్తే ఆ తిరుగుడు ఆగిపోతుంది. వేణుగోపాల్ సార్ పదేళ్ల కింద చెప్పింది ఇదే. "జర డౌటున్నది" అని, చెయ్యి సగం ఎత్తి.

అమ్మీకి వరండా సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"ఆ పోరిని బయట నిలవెట్టినప్పుడు ఎంతమంది చూసిన్రు?"

"క్లాసంతా."

"మాఫీ అడిగేటప్పుడు గూడ అంతమంది ఉండాలె. సమజైందా?"

సమజైంది. కానీ చేయలేదు. సోమవారం సోంబాయిని స్టోర్ రూమ్ దగ్గర ఒంటరిగా పట్టుకుని, "నువ్వు చెప్పింది రైటే" అని గొణిగాను. "ఆ చేతిపుస్తకం సంగతి తర్వాత చూద్దాం. ఖానాపూర్‌లో గిరగిర మాట ఎత్తకు. చార్టు మీద రాయకు. అసలు దాన్ని తేకు."

"మంచిది మేడం" అన్నది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఖానాపూర్

జీపులో ఫ్యాను, జొన్నల సంచి, పొట్టు సంచి, పోశన్న, నేను, సోంబాయి. హాల్లో బల్ల మీద అన్నీ సర్దాక చూస్తే చివర్లో గిరగిర కూర్చుని ఉంది.

"తేవద్దన్నాను కదా?"

"నన్ను తేవద్దన్నరు మేడం. పోశన్న తెచ్చిండు."

పోశన్న ఆ క్షణమే పైకప్పు దూలాల మీద పరిశోధన మొదలుపెట్టాడు.

చార్టు చూశాను. అడుగున ఎర్ర సిరాతో రాసి ఉంది: 'వెలుగు నెడుతుంది. కానీ గిరగిర దానికి సాక్ష్యం కాదు.'

"రాయొద్దన్నాను కదా!"

"పెద్దగ రాయలే మేడం. చిన్నగనే రాసిన."

ముఖ్య అతిథిగా పెద్ద మీసాల పెద్దమనిషి ఒకాయన వచ్చారు. గంజి పెట్టిన తెల్లచొక్కా. నేరుగా మా నక్షత్రం ఎదురుగా నిలబడ్డారు. సోంబాయి రెగ్యులేటరును రెండు మీద పెట్టింది. ఆ రోజు ఆ హాల్లో కరెంటు కూడా వెలుగు మారే నక్షత్రమే. పావుగంటగా నీరసంగా ఉన్న ఓల్టేజీ సరిగ్గా అప్పుడే తన్నుకొచ్చింది. ఫ్యాను ఎద్దులా రంకెవేసింది. జొన్నలు గుడ్డ మీద, చెప్పిన చోటే పడ్డాయి. పొట్టంతా వెళ్లి అతిథిగారి మీసాల్లో, కనుబొమల్లో, జేబులో చేరింది.

రంగారావు సార్ అక్కడికక్కడే ఆరిపోయారు.

"ఏందమ్మా గిది?" అన్నారు అతిథి, కళ్లు మూసుకునే.

"ఫికర్ లేదు సార్" అన్నది సోంబాయి. "పొట్టు ఎగిరింది. మీరు కదలలే. అంటే మీరు గ్రహం."

ఆయన ఒక కన్ను తెరిచి, తృప్తిగా తల ఊపారు.

అప్పుడు న్యాయనిర్ణేత వచ్చారు. వేణుగోపాల్ సార్. పదేళ్లలో జుట్టు నెరిసింది కానీ గొంతు గట్టిపడింది. చంకలో నా చేతిపుస్తకం. చార్టు అడుగుదాకా చదివి, ఎర్ర సిరా దగ్గర ఆగారు.

"గిది తప్పమ్మా. గిరగిర తిరుగులేని సాక్ష్యం. పదకొండో పేజీ చూడు. రాసింది ఎవరో కాదు, మీ మేడమే. మూలమే తప్పయినంక పోటీల ఎట్ల ఉంచుత?" అని పెన్సిల్ తీసి, జాబితాలో సోంబాయి పేరు మీద పెట్టారు.

సోంబాయి నా వైపు చూసింది. మళ్లీ వరండా చూపే.

"సార్, ఆగండి. పుస్తకమే తప్పు" అన్నాను.

ఆయన నవ్వారు. "పరీక్ష పెడుతున్నరా మేడం? నేను పడ."

"పరీక్ష కాదు సార్. అది వేడికి తిరుగుతుంది."

"డౌటుంటే డాక్టర్ దగ్గరికి పోవాలె మేడం!" అన్నారు. హాలంతా నవ్వింది. పదేళ్లు దాచుకున్న మాట అది, అచ్చం నా గొంతుతో వచ్చింది. తర్వాత చార్టు వెనక్కి తిప్పి, నా బాణం గుర్తులన్నీ, నేను వేసిన వరసలోనే వేశారు. నేను అడ్డు చెప్పబోతే, అప్పట్లో నేను చెప్పిన జవాబులే చెప్పారు. నమ్ముతారో లేదో, నా వాదన చాలా బలంగా ఉంది. పావుగంట పోరాడి నా చేతిలో నేనే ఓడిపోయాను.

మేమిద్దరం గొంతులు చించుకుంటుంటే సోంబాయి గిరగిరను తీసుకెళ్లి కిటికీలో ఎండకు పెట్టింది.

"సార్, జర వంగి చూడుండ్రి" అన్నది.

వేణుగోపాల్ సార్ అప్పుడు చేసిన పని వల్లే నేను ఆయనకు ఈ జన్మలో వంద సలాములు బాకీ. వంగారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. ఆ పిల్ల బంతి, గోడ, బురద మాటలు మళ్లీ చెప్పింది. ఆయన పెదవులు మెల్లగా కదిలాయి.

"నల్లది... ఎనుకకు పోతుంది."

నడుము నిటారు చేసి నా వైపు తిరిగారు. "మేడం, అంటే గా రోజు కరీంనగర్‌ల నేనన్నది..."

"మీరన్నదే రైటు సార్."

"జర గట్టిగ చెప్పుండ్రి."

"మీరన్నదే రైటు!"

"మైకుల చెప్తరా మేడం?"

అడిగిన తీరులో వెటకారం లేదు. మంచినీళ్లు అడిగినట్టే అడిగారు. అమ్మీ గుర్తుకొచ్చింది, వెల్లుల్లి పొట్టుతో సహా. మైకు దగ్గరికి నడిచాను. అది నాలుగడుగులే, కానీ నా సర్వీసులో అంత దూరం ఎప్పుడూ నడవలేదు. పుస్తకంలో పదకొండో పేజీ తప్పని చెప్పాను. వేణుగోపాల్ సార్ పదేళ్ల కిందే రైటు చెప్తే నేను నవ్వించి కూర్చోబెట్టానని చెప్పాను. మా సోంబాయి రైటు చెప్తే వరండాలో నిలబెట్టానని, మాఫీ కూడా స్టోర్ రూమ్ దగ్గర దొంగచాటుగా అడిగానని చెప్పాను. మైకు మధ్యలో ఒకసారి కీచుమంది. అది కూడా నన్ను తిట్టిందనే అనుకున్నాను.

మొదటి బహుమతి ఏదో కాలేజీ అగ్నిపర్వతానికే వచ్చింది. రంగారావు సార్ "నేను చెప్పలే?" అన్నట్టు చూశారు. రెండోది మాది. ముఖ్య అతిథి పట్టుబట్టారట, "పొట్టు నా మీద పడ్డది, పాఠం నాకే సమజైంది" అని.

జిగురు

తర్వాత దిద్దుబాటు చీటీలు అచ్చు వేయించి, జిగురు డబ్బా పట్టుకుని, జీపులు ఎక్కి దిగి, దొరికిన ప్రతి కాలేజీలో పదకొండో పేజీ మీద అతికించాను. వేణుగోపాల్ సార్ మాత్రం తన ప్రతి ఇవ్వలేదు. "ఉండనియ్యుండ్రి మేడం. పిల్లలకు చూపియ్యాలె" అన్నారు. ఏం చూపిస్తారని అడగలేదు. తెలుసు కదా.

మీకు నా సలహా ఒకటే. తప్పు చెప్పడం గురించి భయపడకండి, ఎలాగూ చెప్తారు. మీ తప్పును మీకన్నా గట్టిగా నమ్మే మనిషిని తయారు చేయకండి. వాళ్లను మళ్లీ ఒప్పించడం నక్షత్రాన్ని ఊది ఆర్పినంత పని.

హైదరాబాద్ వెళ్లాం. నక్షత్రశాలలో దీపాలు ఆరి, పట్టపగలు తల మీద చుక్కలు వచ్చినప్పుడు సోంబాయి జీవితంలో మొదటిసారి నోరు తెరిచి మాట్లాడకుండా ఉంది. అది నేను పూర్తిగా అనుభవించాను. అక్కడి పోటీలో బహుమతి రాలేదు. ఓల్టేజీ స్థిరంగా ఉంది, పొట్టు ఎవరి మీదా పడలేదు.

సాయంత్రం సామాను సర్దుతుంటే హాలు అటు చివర గొడవ వినిపించింది. ఎక్కడిదో ఒక కాలేజీ బల్ల మీద ఒక గిరగిర. కింద కార్డు మీద 'తిరుగులేని సాక్ష్యం.' సోంబాయి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఎదురుగా ఒక కుర్ర లెక్చరర్ చెమటలు తుడుచుకుంటున్నాడు.

"పుస్తకంలో ఉందమ్మా. నస్రీన్ మేడమని ఎవరో పెద్దావిడ రాశారు. ఆమెకన్నా నీకు ఎక్కువ తెలుసా?"

"గా మేడం మాతోనే వచ్చింది సార్" అన్నది సోంబాయి. "ఆగుండ్రి, పిలుస్త. జిగురు గూడ ఆమె తాననే ఉన్నది."

నేను అప్పటికే సంచిలో చెయ్యి పెట్టాను.